ఇద్దరిదీ కాని సందు

వకుళకి భర్త మీద ఉన్న ఫిర్యాదుల్లో మొదటిది, ఆయన ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడని. రెండోది, ఇంట్లో ఉండీ ఉండడని. భోజనాల బల్ల మీద కర్మాగారం పరుచుకుని, మోచేతి పక్కన ఇడ్లీల పళ్లెం పెట్టుకుని, గొట్టాల గుంపులో తల దూర్చి కూర్చునే మనిషిని విశాఖపట్నంలో ఉన్నాడనాలో, నడిసముద్రంలో ఉన్నాడనాలో కాపురానికొచ్చి ఇన్నేళ్లైనా ఆవిడకి తేలలేదు. ఆ మధ్య ఒకసారి, "ఇదేమిటే, ఇక్కడ కారుతోంది!" అని గావుకేక పెట్టాడు. కంగారుగా వచ్చి చూస్తే, రెండో అంతస్తు గొట్టం కింద సాంబారు చుక్క. తుడిచేసి, "మరమ్మతు అయిపోయింది, ఇక తినండి" అని చెప్పి వెళ్లిపోయింది.

భీమశంకరం గొట్టాల రూపకర్త. పూడిమడక దాటాక సముద్రంలో కాళ్లు పాతి కడుతున్న మంచినీళ్ల కర్మాగారంలో ఉప్పునీళ్లు లోపలికొచ్చి తియ్యగా బయటికి పోయే దారంతా ఆయనదే. అయితే గీసేది ఆయన కాదు, వెలుగుబల్ల. ఆయన వేలితో ఇక్కణ్ణుంచి అక్కడికి అని చూపిస్తే చాలు, బల్ల మీద గాలిలో వెలుగు గొట్టం లేస్తుంది. దాని పొడవు, ఎత్తు, వంపు, పక్క గొట్టానికి ఎంత ఎడం, అన్నీ బల్లలోని స్వయంకొలత తనంతట తనే అంకెలు వేసుకుంటుంది. అక్కడ సముద్రం మీద కూర్పుచేతులు, అంటే తాటిచెట్లంత ఎత్తున్న ఉక్కు చేతులు, ఆ అంకెల ప్రకారం గొట్టాలు ఎత్తి, దించి, బిగిస్తాయి. అంకె ఉన్నచోటికి వెళతాయి. లేనిచోట వాటికి లోకమే లేదు.

ఇళ్లలోనూ అంతే. వంటింటి గోడకి నిమ్మకాయంత కొలతకన్ను వచ్చాక గిద్దలు, తవ్వలు, దర్జీ మెడలో టేపులు అన్నీ పోయాయి. ఎసరెంత, జాకెట్టెంత, కొత్త బీరువా గుమ్మంలో పడుతుందా లేదా, అడగడం ఆలస్యం.

ఆ ఉదయం వకుళ కుక్కర్లో బియ్యం పోసి, "ఎసరెంత?" అని అడిగింది.

"క్షమించాలి," అంది కన్ను మర్యాదగా. "ఆ పాత్ర పక్కింటి రత్నమాల గారిది. చూడగలను, కొలవలేను."

సొంత కుక్కర్ రబ్బరు పోయి ఎరువు తెచ్చుకుంది మరి. ఈ మర్యాద వెనక పెద్ద కథే ఉంది. కొలతకన్నులు వచ్చిన కొత్తలో ప్రతి కన్నూ కనబడినదల్లా కొలిచేది. మా గోడ మీ వైపు బెత్తెడు వచ్చిందని ఒక ఇంటి కన్ను, లేదు మీదే వచ్చిందని ఇంకో ఇంటి కన్ను సాక్ష్యం చెప్పేవి. కోర్టులు నిండిపోయాయి. చివరికి ఒక చట్టం వచ్చింది: ఎవరి వస్తువుని వాళ్ల కన్నే కొలవాలి, ఎదుటివాళ్లది చూడొచ్చు, కొలవకూడదు. ఇళ్లకీ అదే, కర్మాగారాలకీ అదే.

"కుక్కరు ఆవిడదే కానీ బియ్యం మావేనే తల్లీ," అని వకుళ వేలి గణుపు ముంచి చూసి నీళ్లు పోసుకుంది. ఆమె చదివింది భౌతికశాస్త్రం. దాన్ని ఇప్పటివరకు ఇంతకు మించి వాడే అవకాశం రాలేదు.

మూత పెడుతుండగా చెవిదుద్దులో తమ్ముడి గొంతు పలికింది.

"అక్కా, మీ ఆయన ఉన్నాడా?"

"ఎక్కడికి పోతారు? సముద్రంలో ఉన్నారు."

అభిరామ్ నవ్వలేదు. అతనిది ఉక్కు. కర్మాగారానికి అస్థిపంజరం అతను కడితే, దాని మధ్య నరాలు బావ నడుపుతాడు. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకటే ఆఫీసు, ఒకటే బల్ల, ఒకటే టీ ఫ్లాస్కు. ఆరేళ్ల కింద ఒక ఇనప మెట్ల వరస వెళ్లి ఒక గొట్టం కడుపులో గుద్దుకుంది. తప్పు నీ మెట్లదని ఒకరంటే, నీ గొట్టానిదని ఇంకొకరన్నారు. ఆఫీసు రెండయింది. మాటలు లేవు.

మామూలుగా అయితే మాటలు లేకుండా ఇలాంటి పని సాగదు. ఆర్నెల్లకి ఎవరో ఒకరు దిగి వస్తారు. కానీ ఈ కాలంలో దిగి రావలసిన అవసరమే లేకుండా పోయింది. అభిరామ్ కట్టిన ఉక్కంతా బావ బల్ల మీద బూడిదరంగు నీడలా వచ్చి నిలబడుతుంది. దాన్ని నీడనమూనా అంటారు. అతను అక్కడ దూలం జరిపితే ఇక్కడ నీడ జరుగుతుంది. ఇద్దరు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ఒక్క మాట అనుకోకుండా, ఒకే కర్మాగారాన్ని కట్టుకుపోవచ్చు. పగ పట్టినవాళ్లకి ఇంత సౌకర్యం మునుపెన్నడూ లేదు.

ఒక్క చిన్న ఇబ్బంది. స్వయంకొలత భీమశంకరం గొట్టాల్ని తలవెంట్రుక వాసి తేడా లేకుండా కొలుస్తుంది కానీ, గొట్టానికీ నీడకీ మధ్య ఉన్న సందుని మాత్రం కొలవదు. నీడ పరాయివాళ్లది. చూడొచ్చు, కొలవకూడదు. కావాలంటే మనిషి తన చేత్తో ఒక అంకె వేసుకోవాలి. దాన్ని చేతికొలత అంటారు. వేసిన అంకె వేసినట్టే ఉంటుంది. రేపు నీడ జరిగినా అంకె జరగదు.

"గాలి లెక్కలు మారాయక్కా," అన్నాడు అభిరామ్. "తూర్పు వైపు ఏటవాలు దూలం లోపలికి జరిపాను, సైటులో బిగించేశారు కూడా. మీ ఆయనకి చెప్పు. ఆయనకి ఒకసారి అంకె వేస్తే దాని మీద దుప్పటి కప్పుకుని పడుకోవడం అలవాటు. అంకె లేచి తిరగదు కదా! కళ్లజోడు నెత్తి మీంచి దించి ముక్కు మీద పెట్టుకుని, ఆ సందు మళ్లీ కొలుచుకోమను. ఇవాళే దించుతున్నారట గొట్టాల కట్ట."

"చెబుతాలే. తిన్నావా?"

"చెప్పక్కా ముందు."

నీడలో పట్టని మాటలన్నీ ఆరేళ్లుగా వకుళ మీదుగానే నడుస్తున్నాయి. ఇందులో ఆవిడకో పనితనం ఉంది. పైకి చెప్పుకోదు కానీ లోపల కాస్త గర్వం కూడా. పిల్లకి చేప పెట్టేటప్పుడు ముళ్లు తీసి పెట్టినట్టు, ఇటు మాట అటు, అటు మాట ఇటు ముళ్లు తీసి పెడుతుంది. "ఆ మొండిఘటానికి చెప్పు" అన్నది "తమ్ముడూ, మీ బావ ఏమంటున్నారంటే" అయిపోతుంది. ఆవిడ దయ వల్ల ఇద్దరూ ఒకరినొకరు పెద్దమనుషులనుకుంటున్నారు.

చట్నీ వేస్తూ భర్తతో అంది, "తమ్ముడు తూర్పు వైపు దూలం ఏదో జరిపాడటండీ."

"జరిపితే నీడలో కనబడుతుందిలే," అన్నాడు భీమశంకరం, ఇడ్లీ తుంచుతూ. కళ్లజోడు నెత్తి మీదే ఉంది.

కళ్లజోడు ముక్క మొత్తం తీసేసింది వకుళ. దానికి అంటుకున్న ముక్క కూడా దాంతోనే పోయింది. వంటింటి గుమ్మం దాటాక ఒక్క క్షణం అనిపించింది, ఇంకేదో అన్నాడు కదా అని. ఇంతలో ఎవరో పిలిచారు.

పిలిచింది మేఖల. వాళ్ల ఒక్కగానొక్క కూతురు.

మేఖల ఉద్యోగం కూర్పుసాక్షి. ఉక్కు చేతులు బరువులు దించేటప్పుడు ఒక మనిషి లోపల నిలబడి చూడాలని నిబంధన. యంత్రం తప్పు చేయకుండా ఆపడానికి కాదు. చేశాక తప్పెవరిదో చెప్పడానికి. ఆ పిల్ల కిందటి నెల నుంచి సైటు దగ్గర క్వార్టర్స్‌లో ఉంటోంది. చిరునామా కూడా అక్కడికే మార్పించుకుంది.

"అమ్మా, నన్ను చూడు!" వెలుగుబల్ల మీద అరచేతి పొడవు మేఖల ప్రత్యక్షమైంది, నెత్తిన పసుపుపచ్చ టోపీతో. వెనక నిజం ఉక్కు, కింద జాలీ పలకల్లోంచి సముద్రం. "ఇదీ నా సింహాసనం. నాన్న గీసిన చోటు."

"జారేలా ఉంది. పట్టుకో."

"పట్టుకోవడానికి ఇటు మావయ్య దూలం, అటు నాన్న గొట్టాలు వస్తాయి. మేనమామ ఒక పక్క, కన్నతండ్రి ఒక పక్క. ఇంకేం కావాలి?"

భీమశంకరం మురిసిపోయాడు. తన వైపు నమూనాలో ఆ సందు మీద అంకె ఉంది. తను నెల కింద స్వయంగా వేసిన చేతికొలత. రెండు మూరల పైచిలుకు. "హాయిగా నిలబడి జడ కూడా వేసుకోవచ్చు," అన్నాడు.

పైన గొట్టాల కట్ట కదిలింది. నాలుగు ఏనుగులంత బరువు, మోపుకట్టిన చెరకు గడల్లా గొట్టాలు. కూర్పుచేయి దాన్ని పసిపిల్లని ఉయ్యాల్లోకి దించినంత నెమ్మదిగా దించుతోంది. కింద నుంచి సైటు మేస్త్రీ అసిరినాయుడు గొంతు వినిపిస్తోంది: "అలాగలాగ... వచ్చీస్తంది, వచ్చీస్తంది..."

"నాన్నా," అంది మేఖల కాసేపటికి. "సందు కొంచెం తక్కువ ఉన్నట్టుంది."

"అంకె ఉంది కదమ్మా."

"అంకె ఉంది. చోటే లేదు."

భీమశంకరం కళ్లజోడు దించుకుని చూశాడు. బూడిదరంగు నీడ లోపలికి వచ్చి కూర్చుంది. దాని పక్కనే, ఏమీ ఎరగనట్టు, రెండు మూరల పైచిలుకు అంకె మెరుస్తోంది. ఆయన నోట్లో ఇడ్లీ అలాగే ఉండిపోయింది.

"ఆపు!" అని అరిచాడు.

అరిచేసరికే లోహం లోహాన్ని రాసుకున్న చప్పుడు బల్ల మీంచి ఇల్లంతా పాకింది. కట్ట దూలాన్ని తాకి, ఒక పక్కకి మెలితిరిగి, సగం లోపల సగం బయట ఆగిపోయింది. కూర్పుచేయి నిలిచిపోయి, ప్రశాంతమైన గొంతుతో ప్రకటించింది: "నమూనాకీ స్థలానికీ పొత్తు కుదరడం లేదు. కొత్త కొలత చెప్పండి. కొలత లేకుండా దించను, ఎత్తను."

"మేఖలా!" వకుళ బల్ల అంచు పట్టుకుంది.

రెండు క్షణాల తర్వాత జవాబు వచ్చింది. "ఉన్నాను. పక్కకి తిరిగి నిలబడ్డాను. ఎటూ కదల్లేను. నిచ్చెన కట్ట వెనక ఉండిపోయింది." గొంతు మామూలుగానే ఉంచాలని చూస్తోంది. "అమ్మా, గాలికి ఇది ఊగుతోంది. ఊగినప్పుడల్లా దగ్గరకొస్తోంది."

"అమ్మగోరూ!" అసిరినాయుడు కింద నుంచి అరుస్తున్నాడు. "తూరుపు గాలి లెగుస్తంది. ఇంకాసేపుంటే ఊపు పెరిగిపోద్ది. ఏటి సెప్పాలో బేగి సెప్పీండి దానికి! నామాట ఇనదది."

భీమశంకరం వేళ్లు గాలిలో గొట్టాల మధ్య తడబడుతున్నాయి. "కూర్పుచేయీ, నీ కన్నుతో చూసి కొలిచెయ్! ఎదురుగానే ఉంది కదా!"

"చూస్తున్నాను," అంది అది. "దూలం అభిరామ్ గారిది. కొలవలేను."

"నా ఉక్కుకీ ఆయన గొట్టాలకీ లెక్క కట్టి తీసేయొచ్చు కదా!" అభిరామ్ గొంతు వకుళ చెవిదుద్దులో మోగింది. ప్రమాద సంకేతం అతనికీ చేరింది. వకుళ దుద్దు తీసి బల్ల మీద పెట్టి, గొంతు అందరికీ వినబడేలా చేసింది.

"నమూనాలో ఉన్నచోట కట్ట ఇప్పుడు లేదు," అంది కూర్పుచేయి. "మెలితిరిగింది. నిజమైన సందు కావాలి. భుజం ఎత్తున ఒకటి, మోకాలి ఎత్తున ఒకటి. ఎంత పక్కకి ఒరిగి ఎత్తితే లోపలి మనిషికి తగలకుండా ఉంటుందో అప్పుడు తేల్చుకుంటాను."

వకుళకి తమ్ముడి మాట గుర్తొచ్చింది. కొలుచుకోమను అన్నాడు. అన్నాడు కదూ? అన్నాడు. కళ్లజోడు ముక్కు మీద పెట్టుకుని మళ్లీ కొలుచుకోమను అన్నాడు. ఆ మాట ఆవిడ చెవుల్లో ఇప్పుడు ముళ్లతో సహా తిరుగుతోంది. ఇప్పుడు దాన్ని పట్టుకు కూర్చుంటే పిల్లెవరికి మిగులుతుంది? బల్ల మీదికి వంగింది.

"మేఖలా, నీ దగ్గర కొలిచేదేమైనా ఉందా? తాడు, కర్ర, ఏదైనా?"

"ఈ రోజుల్లో టేపులెవరి దగ్గరున్నాయమ్మా? నా మణికట్టు కన్ను కూడా అదే పాట పాడుతోంది, చూడగలను కొలవలేనని." చిన్న నవ్వు, సగంలో తెగిపోయింది. కట్ట ఊగింది కాబోలు. "అబ్బా... భుజానికి రాసుకుంది."

"చెయ్యి ఆడుతోందా?"

"ఒకటి ఆడుతోంది. కన్నున్న చెయ్యి దూలం వైపు ఇరుక్కుంది, దానికి ఈ చెయ్యి కనబడదు."

"అయితే జాన వెయ్యి. బొటనవేలు దూలానికి ఆనించి చిటికెన వేలు చాపు. భుజం దగ్గర ఎంతో చూడు."

పూలమ్మే ఆవిడ తప్ప లోకంలో అందరూ మరిచిపోయిన విద్య అది. మేఖల ఊపిరి బిగబట్టి చెయ్యి చాపడం, కట్ట వెనక్కి ఊగినప్పుడు వేళ్లు పాకించడం, అరచేతి పొడవు బొమ్మలో కనిపిస్తోంది. "భుజం దగ్గర జాన మీద నాలుగు వేళ్లు. మోకాలి దగ్గర... వంగలేను. కట్ట వెనక్కి ఊగింది... ఇప్పుడు చెయ్యి అందింది. రెండు జానలు, నిండుగా."

"జాన కొలత కాదు," అంది కూర్పుచేయి. "జాన ఎంత?"

వకుళ వంటింట్లోకి పరుగెత్తింది. ఈ పిల్ల జాకెట్లు, చేతితొడుగులు అన్నీ కొలిచింది ఈ కన్నే. "మేఖల జాన ఎంతో చెప్పు. వేళ్లెంతో చెప్పు. తొందరగా!"

"క్షమించాలి," అంది నిమ్మకాయంత కన్ను. "మేఖల గారు కిందటి నెల వేరే చిరునామాకి మారారు. ప్రస్తుతం ఈ ఇంటి మనిషి కాదు. ఆమె కొలతలు చెప్పలేను."

వకుళ నోటి వెంట ఎన్నడూ రాని మాట ఒకటి వచ్చింది. పొద్దున్న కుక్కర్ దగ్గర నవ్వుకున్న చట్టమే ఇది. కని, పెంచి, ఇదే వంటింట్లో అన్నం పెట్టిన పిల్ల ఇప్పుడు పక్కింటి కుక్కరు!

చెయ్యి చూసుకుంది. మేఖల ఏ పండక్కి వచ్చినా ముందు తల్లి గాజులే ఎత్తుకుపోతుంది. ఇద్దరివీ ఒకటే చేతులని చుట్టాలందరూ అంటారు. వెళ్లే ముందు రోజు కూడా మంచం మీద కూర్చుని అరచేతికి అరచెయ్యి ఆనించి, "ఇదిగో, నీ కంటే గోరంత కూడా పెరగలేదు నేను" అని ఏడిపించింది.

"సరే, నేను ఈ ఇంటి మనిషినేనా?"

"అవునండి."

"అయితే నన్ను కొలిచి చెప్పు." కన్ను ముందు చెయ్యి బార్లా చాపింది. కన్ను అంకె చెప్పింది. నాలుగు వేళ్లు దగ్గరగా పెట్టి చూపిస్తే ఆ అంకె కూడా చెప్పింది. రెండూ నోట్లో జపం చేసుకుంటూ బల్ల దగ్గరికి వచ్చి అప్పజెప్పింది.

భీమశంకరం కూడి, గుణించి, పైకి చదివాడు.

"విన్నాను," అంది కూర్పుచేయి. "ఈ సందుకి ఇద్దరు యజమానులు. ఒకరు గొట్టానికి, ఒకరు ఉక్కుకి. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు అదే కొలత చెప్పి, ఎదుటివారు చెప్పింది ఒప్పుకోవాలి."

భీమశంకరం దుద్దు వైపు చూడకుండా భార్య వైపు తిరిగాడు.

ఆరేళ్లు చిన్న అలవాటు కాదు. కూతురు గొట్టాలకీ దూలానికీ మధ్య ఇరుక్కున్నా నాలుక తన పాత దారినే పోయింది. "మీ తమ్ముణ్ణి చెప్పమనవే," అన్నాడు భీమశంకరం.

"ముందు ఆయన్ని ఒప్పుకోమనక్కా," అంది దుద్దు.

"మధ్యవర్తి మాట చెల్లదు," అంది కూర్పుచేయి.

"అమ్మా," అంది మేఖల. అంతే అంది.

వకుళ బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. వెలుగు కర్మాగారం మొత్తం వణికింది. "ఇవాళ మీ ఇద్దరి మధ్యా ఇరుక్కున్నది నేను కాదు! అది! నోళ్లు తెరిచి మాట్లాడుకుంటారా, లేక నేనిక్కడే ఈ బల్ల బద్దలుకొట్టనా?"

భీమశంకరం దుద్దు వైపు తిరిగాడు. "ఒరే అభీ."

"చెప్పు బావా."

"భుజం దగ్గర ఇదీ..." అంకె చెప్పాడు. "మోకాలి దగ్గర ఇదీ. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటున్నాను." అభిరామ్ అవే అంకెలు తిరిగి చెప్పాడు. "సముద్రం వైపు నా స్తంభం ఉంది బావా. అటు ఒరిగించేటప్పుడు చూసుకోవాలి. అక్కడ నీకు మూర చోటుంది, అంతకు మించి లేదు."

"మూర చాలు. ఒప్పుకుంటున్నాను."

"పొత్తు కుదిరింది," అంది కూర్పుచేయి, పెళ్లిళ్ల పేరయ్యలా.

కట్ట కదిలింది. ముందు సముద్రం వైపు, ఊపిరి తీసినంత మెల్లగా. ఆపైన పైకి. ఉక్కు మీద ఉక్కు గీసుకుంటున్న చప్పుడు పళ్లు జివ్వుమనిపించింది. వంటింట్లో కుక్కర్ కూతలు వేస్తోంది; ఎవరూ లేవలేదు. అంగుళం అంగుళంగా మేఖల టోపీ, భుజం, నడుం వెలుగులోకి వచ్చాయి. నిచ్చెన కనిపించింది. ఆ పిల్ల దాని మీదికి దూకలేదు; ఒక్కో మెట్టూ చేత్తో తడిమి, దిగింది.

"దిగీసింది! దిగీసిందమ్మగోరూ!" అసిరినాయుడు అరుపుకి దుద్దు గీరుమంది. "బంగారు తల్లి! దెబ్బేటీ నేదు, భుజం సెక్కింది, అంతే."

భీమశంకరం కుర్చీలో వెనక్కి వాలాడు. కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకోగానే కోపం వచ్చింది. మగవాళ్లకి భయం పోయే దారి అదొక్కటే. "దూలం జరిపేవాడివి సందు మింగేస్తుందని చెప్పొద్దుట్రా?"

"చెప్పలేదా? మళ్లీ కొలుచుకోమని చెప్పి పంపానా లేదా?"

"ఏం చెప్పి పంపావు? దూలం ఏదో జరిపానన్నావు. అంతేగా?"

అవతల అభిరామ్ ఏదో అనబోయి ఆగాడు. ఇవతల భీమశంకరం భార్య వైపు తిరగబోయాడు. అప్పటికే వకుళ వంటింట్లో ఉంది. కుక్కర్ దింపుతోంది.

*

మధ్యాహ్నానికి మేఖల ఇంటికి వచ్చింది. ఆమెని తీసుకొచ్చింది మేనమామ. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ అభిరామ్ ఒక్క క్షణం ఆగాడు; ఆరేళ్లలో గుమ్మానికి రంగు మారింది. భీమశంకరం లేచి, ఏమనాలో తోచక, "ఎండగా ఉందా?" అన్నాడు. "ఉంది," అన్నాడు అభిరామ్. రాజీ ఆ మాత్రం మాటలతో అయిపోయింది.

మాడిన అన్నమే అందరూ తిన్నారు. "అక్కా, దీన్ని కూడా కొలతకన్నే వండిందా?" అన్నాడు అభిరామ్. మేఖల నవ్వింది. నవ్వితే భుజం నొప్పెట్టి మూలిగింది. వకుళ ఉప్పు మూట వేడి చేసి కాపడం పెడుతోంది. పొద్దున్నుంచీ ఆవిడ ఒక్క హాస్యం కూడా ఆడలేదని ఎవరూ గమనించలేదు.

భోజనాలయ్యాక బల్ల మీద విచారణాధికారిణి ప్రత్యక్షమైంది. నడివయసు మనిషి, రోజుకి ఇలాంటివి నాలుగు వినే ముఖం. భీమశంకరాన్నీ, అభిరామ్‌నీ, మేఖలనీ వరసగా అడిగింది, విన్నది, తల పంకించింది.

"విషయం స్పష్టంగానే ఉంది," అంది. "స్వయంకొలత పరాయి నమూనాని కొలవదు. చేతికొలత వేస్తే, ఆ నమూనా జరిగినప్పుడు అది జరగదు. అంకె పాతబడిందని హెచ్చరించే ఏర్పాటూ లేదు. ఇది సాధనానికి ఉన్న హద్దు. వ్యక్తుల తప్పు కాదని రాస్తున్నాను. అందరికీ సమ్మతమేనా?"

"సమ్మతమే," అన్నాడు భీమశంకరం. గొంతులో బరువు దిగిన చప్పుడు.

"సమ్మతమే," అన్నాడు అభిరామ్. పొద్దున అడిగిన ప్రశ్న అతను మళ్లీ అడగలేదు. అడగనని నిర్ణయించుకున్నట్టు ఎదురుగోడ వైపు చూస్తున్నాడు. అక్క వైపు ఒక్కసారీ చూడలేదు. దాంతో వకుళకి తెలిసిపోయింది: వాడికి తెలుసు.

"సాఫ్ట్‌వేరు బుద్ధే అంత మావయ్యా," అంది మేఖల. "మనమేం చేస్తాం?"

"చేయడానికుందమ్మా," అన్నాడు భీమశంకరం, చాలా రోజుల తర్వాత దొరికిన ఔదార్యంతో. "ఒరే అభీ, ఇక మీదట నువ్వు ఏ దూలం ముట్టుకున్నా, నీడ సంగతి నీడదే, ముందు మీ అక్క చెవిన వెయ్యి. ఆవిడ చెప్పిందంటే నువ్వు నాకు ఎదురుగా కూర్చుని చెప్పినట్టే. ఇన్నేళ్లలో ఒక్క మాట పొల్లుపోయిందా మన మధ్య? ఆ స్వయంకొలత కంటే మీ అక్కే నయం."

అభిరామ్ గోడ వైపు చూస్తూనే, "సరే బావా" అన్నాడు.

"అయితే ఇక ముగిస్తాను," అంది అధికారిణి.

వకుళ చేతిలో ఉప్పు మూట చల్లారిపోయింది. ఇప్పుడు నోరు విప్పకపోతే సరిపోతుంది. కాగితం మీద యంత్రం తప్పు పడిపోతుంది, యంత్రం ఏమీ అనుకోదు. తమ్ముడు కడుపులో పెట్టుకుంటాడు. భర్తకి ఎన్నటికీ తెలియదు. రేపు పొద్దున్న మళ్లీ ఒకరు ఇటు ఒక మాట అంటారు, ఇంకొకరు అటు ఒక మాట అంటారు. తను ముళ్లు ఏరుతుంది. ఏది ముల్లో ఏది ముక్కో తనకే తెలుసునని వీళ్లు నమ్ముకుని ఉక్కు దింపుకుంటారు. మధ్యలో ఎవరో ఒకరి పిల్ల నిలబడి ఉంటుంది.

"అమ్మా, ఏమైంది? కాపడం ఆపేశావే," అంది మేఖల.

"ముగించకండి," అంది వకుళ అధికారిణితో. తర్వాత భర్త వైపు తిరిగింది. "వాడు చెప్పాడండీ. పొద్దున్నే చెప్పాడు. దూలం జరిపాను, ఆ సందు మళ్లీ కొలుచుకోమను అన్నాడు. ఇవాళే దించుతున్నారు అని కూడా అన్నాడు."

"అక్కా, ఇప్పుడెందుకది..."

"నువ్వుండరా." ఆవిడ గొంతు పెరగలేదు. "మీ కళ్లజోడు మీద ఒక ముక్క కలిపి అన్నాడు. మీకు కోపం వస్తుందని ఆ ముక్క తీసేశాను. తీసేస్తే దాంతో పాటు అసలు మాట కూడా పోయింది. గుమ్మం దాటాక గుర్తొచ్చింది కూడా, ఏదో మిగిలిపోయిందని. వెనక్కి రాలేదు. ఇన్నాళ్లూ మీ ఇద్దరి మధ్యా సంసారం చక్కబెడుతున్నాననుకున్నాను. మీరు మాట్లాడుకోకుండా ఉండడానికి దారి వేశాను, అంతే. యంత్రం మీద రాయకండమ్మా. తప్పు నాది."